కడిగిన నేల మీద గండుచీమలు

ఎండకు కాగిన సిమెంటు మీద నీళ్ళు పడితే ఒక ఆవిరి వాసన లేస్తుంది. నిన్న మా కాలేజీ మేడ మీద ఎవరో బకెట్ ఒలకబోశారు. ఆ వాసన తగలగానే నాకు ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నం క్లాసులో పిల్లల మీద ఊరికే అరిచాను. వాళ్ళకేం తెలుసు పాపం, మునెమ్మ ఎవరో.

మునెమ్మ నేను పరిశోధన చేసిన చోట మేడ ఊడ్చే మనిషి. ఊరి బయటి చందాపుర నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఆ మేడ మీద పిట్టగోడ వెంట వరసగా పూలకుండీలు, ఒక చివర మట్టితొట్టిలో గండుచీమల గూడు. గూటి వైపు నుంచి మూడో కుండీ పక్కన మేం చక్కెరనీళ్ళు పెట్టేవాళ్ళం. చీమలు వాసన పట్టుకునే అక్కడికి పోతాయని మా సారు నమ్మకం. నేను నోటుబుక్కు పట్టుకుని బారు మొత్తాన్నీ చూస్తూ కూర్చునేవాణ్ణి. "బారును చూస్తే ఏం తెలుస్తాదప్పా? ఒక్క చీమను పట్టుకో. అది ఇల్లు చేరేదాకా కండ్లు తిప్పొద్దు," అంది మునెమ్మ ఒకరోజు. నాకు చూడటం నేర్పింది ఆ మాటే, సారు కాదు. ఊడ్చేటప్పుడు తను రెండో కుండీని తీసి పక్కన పెడితే చీమలు నాలుగోదాని దాకా పోయి వెతుకుతున్నాయనీ, వాటికి మూడు దాకా లెక్క తెలుసనీ కూడా చెప్పింది. సారుతో అంటే నవ్వి కొట్టిపారేశాడు.

చీమల దారి తడిపితే వాసన పోతుందని, తడపకూడదని సారు ఆజ్ఞ. ఒక పొద్దున నా చేతిలోంచి చక్కెరనీళ్ళ సీసా జారి ఆ దారంతా ఒలికింది. గాభరాపడి, కడిగెయ్యమని మునెమ్మకు చెప్పింది నేనే. ఆమె చీపురుతో రుద్ది మరీ కడిగింది. అంతలో సారు వచ్చాడు. నెలల పని నాశనం చేశావు, బుద్ధి లేదా అని ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. రేపటి నుంచి రావద్దన్నాడు సారు.

మర్నాడు చీమలు వచ్చాయి, వాసన లేని నేల మీద నేరుగా మూడో కుండీ దగ్గరికి. సారు ఎగిరి గంతేశాడు. రెండో కుండీని కూడా తీసి చూశాడు, అదేదో తనకే తట్టినట్టు! చీమలు నాలుగోదాని దాకా పోయి వెతికాయి. ఏడాది తిరక్కుండా వ్యాసం అచ్చయింది. చీమలు నిజంగా లెక్కపెడతాయా, ఇంకేదైనా గుర్తు పెట్టుకుంటాయా అని మేం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం. ఆ వ్యాసంలో మాత్రం 'నేల కడగబడింది' అని ఉంది. ఎవరు కడిగారో లేదు. సిగ్గులేని రాత. దాని మీద రెండో పేరు నాది.

ఆ కాగితాలు పట్టుకుని చందాపుర వెళ్ళాను. మునెమ్మ ఒక బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఊడుస్తోంది. నీ మాటే నిజమైందన్నాను. నీ పేరు వెయ్యకపోవడం అన్యాయమన్నాను. సారును తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. ఆమె అంతా విన్నది.

"పేరుతో ఏం చేసుకుంటానప్పా. ఆ పని పోయినాక రెండు నెలలు ఇంట్లో పొయ్యి వెలగలేదు. కడగమన్నది నేనే అని నువ్వంటావేమోనని ఆ పొద్దు శానా సేపు చూసినా," అని మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది.

సారు పేరెత్తితే నాకు ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి. ఆ కోపం ఎప్పటికైనా చల్లారుతుందేమో. ఆ పొద్దున నోరు మూసుకున్న పిరికిపందను మాత్రం నేను క్షమించలేను.