పెళ్లి క్యాసెట్లో యాదయ్య

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే ముందు నవ్వేది నేనే. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను, అందులో చాలాకాలం సూపర్‌వైజర్‌గా. ఏ మోటారు ఆగినా, ఏ వాల్వు కారినా దానికో కారణం ఉంటుంది. దొరకలేదంటే మనం సరిగా వెతకలేదని అర్థం. కింద పనిచేసేవాళ్లకు ఇదే చెప్పేవాడిని. ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు.

మా అమ్మాయి కావ్యకు రెండేళ్లప్పుడు నా భార్య సరళ జ్వరంతో పోయింది. ఫోన్లలో వీడియోలు తీసే రోజులు కావవి. సరళ నడవడం, నవ్వడం మిగిలి ఉన్నది ఒక్క మా పెళ్లి క్యాసెట్లోనే. కావ్యకు ఊహ తెలిసేలోపే ఇంట్లో వీసీఆర్ పాడైంది. మొన్న దానికి పెళ్లి కుదిరాక, రిసెప్షన్లో తెర మీద అమ్మను చూపిద్దాం నాన్నా అని అడిగింది. తను కూడా అమ్మ కదులుతుంటే చూడటం అదే మొదటిసారి అవుతుంది.

ఉన్న ఒక్క క్యాసెట్‌ను కాపీ తీయమని ఎవరి చేతికో ఇవ్వడానికి మనసొప్పలేదు. పటాన్‌చెరులో పాత సామాన్ల దుకాణానికి వెళ్లాను. చెడిపోయిన మిక్సీలు, డబ్బా టీవీల మధ్య ఒక వీసీఆర్ కనిపించింది. వెనక్కి తిప్పితే పసుపు పెయింటుతో నంబరు. మా ఫ్యాక్టరీ ట్రైనింగ్ రూముది. కొత్తగా చేరినవాళ్లకు ప్రమాదాల గురించిన సినిమాలు దాని మీదే వేసి చూపించేవాడిని. ఫ్యాక్టరీ మూతపడ్డాక వేలంలో వచ్చిందట. పాత స్నేహితుడు దొరికినట్టు సంబరపడి, ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక క్యాసెట్ పెట్టాను. సన్నాయి మోగింది. మేనమామలు సరళను గంపలో ఎత్తుకొచ్చారు. కావ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. జీలకర్రా బెల్లం దగ్గర బొమ్మ చెదిరింది.

తర్వాత పెళ్లి లేదు. స్టీలు ట్యాంకు పైభాగం, మూత తీసిన గుండ్రటి రంధ్రం, దాని అంచున కాళ్లు లోపలికి వేసుకుని కూర్చున్న యాదయ్య. నా వైపే చూస్తున్నాడు.

కంగారుగా వెనక్కి తిప్పాను. గంప లేదు, మేనమామలు లేరు, మొదటి నుంచీ యాదయ్యే. మేము చూసినంత మేరా చెరిగిపోయింది.

క్యాసెట్ అంచున చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అది విరిచేస్తే ఆ క్యాసెట్ మీద మళ్లీ ఏదీ రికార్డు కాదు. ఎవరైనా పొరపాటున సినిమా ఎక్కించేస్తారని ఆ రోజుల్లో పెళ్లి క్యాసెట్లకు అందరం విరిచేసేవాళ్లం. మాది పదహారు రోజుల పండగనాడు నేనే విరిచాను. తీసి చూస్తే విరిగే ఉంది.

యాదయ్య ఎవరో చెప్పాలి. మా షిఫ్టులో హెల్పరు, అమీన్‌పూర్ మనిషి. ట్యాంకులోకి మనిషి దిగాలంటే ముందు లోపలి గాలి పరీక్షించి పర్మిట్ రాయాలి. కానీ పని ముందు చేయించేసి, పర్మిట్ టీ తాగుతూ రాసుకోవడం మా దగ్గర అలవాటు. ఆ రోజూ అంతే. దిగిన యాదయ్య ప్రాణంతో పైకి రాలేదు. విచారణలో అందరి ముందు ఒక్క మాట చెప్పాను. నాకు చెప్పకుండా దిగాడు, నోట్లోంచి మందు వాసన కూడా వచ్చింది అని. యాదయ్య కల్లు కూడా ముట్టడు. ఆ మాటతో నా ఉద్యోగం నిలబడింది, ఆయన పిల్లలు తాగి చచ్చినోడి పిల్లలయ్యారు.

మర్నాడు వీసీఆర్ హెడ్ శుభ్రం చేశాను. వేరే క్యాసెట్ వేస్తే చక్కగా ఆడింది. మళ్లీ పెళ్లిది పెట్టాను. ఈసారి మాట కూడా వినిపించింది.

"దిగు యాదయ్యా, పర్మిట్ నేను తర్వాత రాస్తాలే."

"నాన్నా, ఇది నీ గొంతే కదా?" అంది కావ్య.

ఆ రోజు ట్యాంకు మీద మేమిద్దరమే ఉన్నాం. కెమెరా అన్నది ఆ చుట్టుపక్కలే లేదు. సంగారెడ్డిలో ఒక స్టూడియో మిషన్లో వేయించినా అదే బొమ్మ, అదే మాట. ఆడించిన ప్రతిసారీ పెళ్లి ఇంకాస్త చెరిగిపోతోంది, అప్పటికి చూడకుండా మిగిలింది తలంబ్రాల ముక్క ఒక్కటే.

నిజం చెప్పాలంటే పశ్చాత్తాపం కంటే ముందు నాకు కోపమే వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత వచ్చి నా పెళ్లాన్ని చెరిపేస్తావా అని టీవీని తిట్టాను. ఆ తర్వాత కావ్యకు జరిగిందంతా చెప్పాను. అది ఏడవలేదు. యాదయ్య ఇంట్లో వాళ్లకు చెప్పావా అని మాత్రం అడిగింది.

యాదయ్య భార్య సత్తెమ్మ అమీన్‌పూర్ రోడ్డు మీద జొన్నరొట్టెల బండి పెట్టుకుంది. మా కిష్టారెడ్డిపేట ఇంటికి అదే దారి. నేనెప్పుడూ ఆ బండి ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి వెళ్లేవాడిని. ఆ సాయంత్రం క్యాసెట్ సంచిలో వేసుకుని, కావ్యను వెంటబెట్టుకుని వెళ్లాను. రొట్టెల కోసం నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. దగ్గరికి వంగి, క్యాసెట్ సంగతితో సహా మెల్లగా చెప్పాను.

ఆమె రొట్టె తడుతూనే ఉంది.

"ఆనాడు అందరి ముందట చెప్పినవు గద సారు. గిప్పుడు చెవుల ఎందుకు చెప్తున్నవ్?"

మళ్లీ చెప్పాను, అందరికీ వినపడేలా. తాగలేదు, నేనే దింపాను అని. నిలబడ్డవాళ్లు నన్ను చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. పాపం తీరిందనుకున్నాను కూడా.

"నీ పెండ్లాం బొమ్మ పోతున్నదని వచ్చినవ్, నా మొగడు పోయిండని రాలే" అంది సత్తెమ్మ. "ఆయనది ఫోటో గూడ సక్కగ లేదు నా కాడ. గా క్యాసెట్ నాకియ్యి."

ఇంకా కొంచెం సరళ మిగిలి ఉందమ్మా, అది చూసుకుని ఇస్తానన్నాను. నా మాట పూర్తి కాకముందే కావ్య నా సంచిలోంచి క్యాసెట్ తీసి పిండి గిన్నె పక్కన పెట్టింది. వీసీఆర్ కూడా మర్నాడు తనే తీసుకెళ్లి ఇచ్చింది. రిసెప్షన్లో తెర మీద సరళ ఫోటో ఒక్కటే వేశాం.

పోయిన వారం బండి దగ్గర ఆగాను. క్యాసెట్ రోజూ చూస్తున్నారట. మూడు గంటలూ యాదయ్యే. సద్ది తింటాడు, నవ్వుతాడు, తువ్వాలు తలకు చుట్టుకుంటాడు. ట్యాంకు లేదు, నా గొంతు లేదు. పెళ్లికూతురు ఎక్కడైనా కనిపించిందా అని అడిగాను. లేదంది. ఒక్కసారి చూస్తానని బతిమాలాను.

"నువ్వు సూడాల్సింది ఆనాడే సూసినవ్" అంది.

కనీసం క్యాసెట్ అంచు చూపించమన్నాను. ఎప్పుడూ వెంటే ఉంచుకుంటుందేమో, బండి కింద సంచిలోంచి తీసి, నా చేతికివ్వకుండా దూరం నుంచే పట్టుకుని చూపించింది. నేను విరిచిన చోట విరిగే ఉంది. దాని మీద ఏదీ రికార్డు కాకూడదు. ఎలా అయిందో నాకు ఇప్పటికీ తెలియదు.