రైలుకు డెక్కు ఉండదు

మా దీవుల్లో అడవి కొట్టి ఊళ్ళు కడుతున్న రోజులవి. వండూరులో కొత్త బడి తెరిచారు. దానికి టీచరు కావాలని ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష పెట్టారు. మా నాన్న చాతంలో దుంగలు కోసే సామిల్లులో పనిచేసేవాడు. ఉద్యోగం వస్తే మా ఇంట్లో జీతం తెచ్చే మొదటి ఆడపిల్లను నేనే. రాకపోతే షాదీపూర్‌లో కుట్టుమిషను ముందు కూర్చోవాలి. మా పెద్దమ్మ అప్పటికే ఒక మిషను చూసి పెట్టింది.

పరీక్షలో రైలు ప్రయాణం గురించి అడుగుతారని అందరికీ గట్టి నమ్మకం. సముద్రం అవతల మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన గైడులో అదే మొదటి పాఠం. మాలో రైలును చూసినవాళ్ళు ఒక్కరూ లేరు, కంఠతా పట్టనివాళ్ళూ లేరు. చూడనిదాన్ని చూసినట్టు అప్పజెప్పడం మూఢత్వమేనని నేను పదిమందిలో వాదించాను. వాదించి, ఇంటికెళ్ళి నేనూ కంఠతా పట్టాను.

బయలుదేరేటప్పుడు, నాకు ప్రార్థనల మీద నమ్మకం లేదని తెలిసీ, పెద్దమ్మ నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది.

"నువ్వు నమ్మకపోతే మానెయ్. నేను నమ్ముతున్నాను గదా, సరిపోద్ది," అంది.

నాకు ముందు పరీక్ష గదిలోకి వెళ్ళినతను బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీలో వచ్చాడు. బయటికొచ్చి నా పక్కన బెంచీ మీద కూలబడ్డాడు.

"పాఠం ఒక్క ముక్క తప్పలేదు దీదీ. రైల్లో ఎక్కడ కూర్చున్నావని అడిగాడు సాబ్. పై డెక్కు మీద అన్నాను."

"తర్వాత?"

"లైఫ్‌బోట్లు ఎన్ని అన్నాడు. రెండు అన్నాను. క్యా కరూఁ, ఏం చెయ్యను, ఓడలో ఉంటాయి గదా."

నవ్వాను గానీ, నేను ఊహించుకున్న రైలుకూ డెక్కు ఉంది.

లోపల అధికారి కొత్తగా వచ్చినవాడు. తల ఎత్తకుండానే ఇంగ్లీషులో అడిగాడు: "లెవెల్ క్రాసింగ్ దగ్గర ఏం జరుగుతుంది?"

ఆ మాట పాఠంలో లేదు. పాఠంలో ఉన్నదేదో ఒకటి అందుకుని పరిగెత్తవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"నేను రైలు చూడలేదు సార్. అది ఏమిటో నాకు తెలియదు. దేన్ని ఏది దాటుతుందో మీరు చెబితే, మిగతాది ఆలోచించి చెబుతాను," అన్నాను.

ఆయన కలం కింద పెట్టాడు. "రోడ్డు పట్టాలను దాటుతుంది. గేటు ఉంటుంది."

"గేటు ఎవరిని ఆపుతుంది సార్?"

"రోడ్డు మీదవాళ్ళను."

"రైలును ఎందుకు ఆపరు?"

"వెంటనే ఆగలేదు కాబట్టి."

ఇక నాకు దారి దొరికింది. చాతం దగ్గరికి పెద్ద ఓడ వస్తుంటే చిన్న పడవలు, మా డింగీలన్నీ తెడ్లు ఎత్తి ఆగిపోతాయి. అది ఓడకు మర్యాద చెయ్యడం కాదు, ఓడ వెంటనే ఆగలేదని తెలిసి. గేటు దగ్గర రోడ్డువాళ్ళూ అందుకే ఆగుతారని చెప్పాను. క్రియాపదాలు రెండుసార్లు తప్పాయి. దిద్దుకుని సాగాను.

"బడిలో పిల్లలు నీకు తెలియనిది అడిగితే?" అన్నాడు చివర.

"తెలియదంటాను సార్. మర్నాటికి తెలుసుకుని వస్తాను."

వండూరు ఉద్యోగం నాకే వచ్చింది.

"ప్రార్థన పనిచేసింది," అంది పెద్దమ్మ.

"డింగీలు పనిచేశాయి."

"సమయానికి వాటిని గుర్తుచేసిందెవరే?"

ఈ వాదన మా ఇద్దరి మధ్య ఏళ్ళ తరబడి నడిచింది, ఎవరూ ఓడలేదు. మిషను మాత్రం పెద్దమ్మ తనకే ఉంచుకుంది. బడికి వేసుకువెళ్ళమని నాకు రెండు జాకెట్లు దానిమీదే కుట్టింది. ఒకదాని చేతులు కాస్త బిగువు. అదీ వేసుకున్నాను.