వాల్వు కింద అక్షింత

ఆంటీ పోయారు. జనవరిలో ఒక మంగళవారం పొద్దున, బెల్‌ఫాస్ట్ ఆసుపత్రిలో. నర్సు ఫోన్ చేసినప్పుడు నేను ఆవిడ వంటింట్లోనే ఉన్నాను, చారుకు చింతపండు నానబెడుతున్నాను. అక్కడి తిండి సయించడం లేదని, ఫ్లాస్కులో కాస్త చారు తెమ్మని ముందు రోజు అడిగారు. ఫోన్ పెట్టేశాక ఆ చింతపండును ఏం చేయాలో చాలాసేపు తెలియలేదు. చివరికి పిసికి చారు కాచాను. ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను.

ఇక్కడి తెలుగువాళ్ల ఈ పత్రిక చదివేవాళ్లలో కొందరికి ఆవిడ డాక్టరుగారి భార్యగా తెలుసు. ఇంకొందరికి దీపావళి కలయికకు పెద్ద గిన్నెడు పులిహోర తెచ్చి, ఎవరు వండారో చెప్పకుండా బల్ల మీద పెట్టి పోయే ఆంటీగా తెలుసు. నేను ఆవిడ ఇంట్లో పైగది అద్దెకు తీసుకున్న అమ్మాయిని. ఊరి అంచున, పొలాలు మొదలయ్యే చోట ఉంది ఆ ఇల్లు. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, ఎక్కువగా ఇంటి నుంచే. మనుషులతో మాట్లాడాల్సిన పని లేదు కనుకనే ఆ ఉద్యోగంలో చేరాను. తర్వాత వారాల తరబడి నా గొంతు నాకే వినపడకుండా గడిచిపోయేది.

ఆవిడతో మాట్లాడగలగడానికి ఒక కారణం ఉంది. ఆవిడ కళ్లలో చూపు నడిమధ్య పోయింది, అంచుల్లో మాత్రం మిగిలింది. ఎవరినైనా చూడాలంటే వాళ్ల పక్కకు చూడాలి. నేను ఎదురుగా కూర్చుంటే ఆవిడ నా భుజం అవతల ఉన్న అల్మరా వైపు చూసేవారు. అప్పుడే నా ముఖం కనపడుతుందని చెప్పేవారు. ఎవరైనా సూటిగా చూస్తే నాకు మాట రాదు. నన్ను చూడాలంటే పక్కకు తిరగాల్సిన మనిషి దొరకడం నా అదృష్టం.

ఆవిడది అనంతపురం వైపు. ఈ దేశం వచ్చి నలభై ఏళ్లు దాటినా మాటలో ఆ ఊరు అట్లాగే ఉంది. ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు. చలికాలం డ్యూటీలకు మంచులో తానే కారు నడుపుకుంటూ వెళ్లేవారట. కళ్లు తేడా చేశాక డాక్టర్లు డ్రైవింగ్ మానేయమన్నారు. లండన్ పక్క క్రోయిడన్‌లో ఉండే కూతురు వచ్చి, లైసెన్సు వెనక్కి పంపించి, తాళాలు తీసుకుని కారును తనతో తీసుకెళ్లిపోయింది. అది సరైన పనేనని ఆంటీకి తెలుసు. కానీ కారు వెళ్లిపోయాక కూడా కొన్నాళ్లు పొద్దున్నే వాకిట్లో కారు నిలిపే చోట నిలబడి టీ తాగేవారు.

కిందటి వసంతంలో ఒకరోజు నా తలుపు తట్టారు.

"ఏమ్మా, స్పానర్ పట్టడం వచ్చునా నీకు?"

"రాదాంటీ."

"మరి ఏం నేర్పించినారు మీ కాన్వెంట్లో?"

"కుట్లు, అల్లికలు. ప్రేయరు."

"ప్రేయరు పనికొస్తాది లే. రా, షెడ్డులోకి పోదాం."

షెడ్డులో టార్పాలిన్ కింద డాక్టరుగారి గార్డెన్ ట్రాక్టరు ఉంది, పెరట్లో కూర్చుని నడుపుతూ గడ్డి కోసే చిన్న బండి. ఇల్లు కొన్నప్పుడు కొన్నదట. ఎర్ర రంగు అక్కడక్కడా వెలిసి గులాబీ రంగుకు వచ్చింది. సీటు చిరిగితే దాని మీద ఎరువుల సంచి చుట్టి తాడు కట్టారు. కూతురు చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుని స్టీరింగు పట్టుకునేదట. ఆయన పోయాక కొన్నేళ్లు ఆంటీయే గడ్డి కోశారు. తర్వాత ఇంజను నీలం పొగ కక్కడం, ఆయిలు తాగడం మొదలుపెట్టి, ఒకరోజు ఆగిపోయింది.

"రోడ్డు మీద వద్దన్నారు, సరే," అన్నారు ఆంటీ, టార్పాలిన్ మడుస్తూ. "నా పెరట్లో నడపొద్దని ఏ కాగితంలోనూ లేదు. ఇప్పుడింకా కంచె యాడుందో కనపడతాంది. వచ్చే ఏడు కనపడతాదో లేదో. అంతలోపల ఇది లేవల్ల."

ఎదురింటి రైతు తొంగి చూసి, దాని మీద పెట్టే శ్రమ దండగ, పాత ఇనుముకు వేసేయమన్నాడు. ఆయనకు టీ, జంతికలు ఇచ్చి పంపించారు. ఆయన గేటు దాటాక, "జంతికలు మాత్రం దండగ కాలేదు చూడు, నాలుగు తిన్నాడు," అన్నారు.

ఆవిడ చిన్నప్పుడు వాళ్ల తోటలో బావి మీద ఆయిల్ ఇంజను ఉండేది. అది మొరాయించినప్పుడల్లా వాళ్ల నాన్న విప్పేవారు. చెయ్యి సన్నగా ఉందని లోపలి నట్లు తీయడానికి ఈవిడను పిలిచేవారు. అక్కడ నేర్చుకున్నదంతా వేళ్లలో ఉండిపోయింది. నాకూ అలాగే నేర్పారు. నేను టార్చి వేసి లోపలికి వంగి చూస్తుంటే, "కంటితో తర్వాత చూద్దువు, ముందు చేత్తో చూడు," అనేవారు. ఆ మాట ఎన్నిసార్లు అన్నారో.

ఇంజను పైమూత, హెడ్డు, విప్పిన రోజు నా వేలు పట్టుకుని సిలిండరు లోపల పెట్టారు.

"పైన గట్టు మాదిరి తగుల్తాందా?"

"తగులుతోందాంటీ. సన్నగా."

"ఆ గట్టే అసలు సైజు. కిందంతా పిస్టను తిరిగి తిరిగి అరిగిపోయింది. బోరుకొచ్చిందమ్మా ఇంజను. బోరు చేయించి, పెద్ద సైజు పిస్టను, కొత్త రింగులు వేయల్ల."

విప్పిన బోల్టులన్నీ ఒక పాత పోపుల డబ్బాలో ఉంచారు. ఆవాల గిన్నెలో హెడ్డువి, జీలకర్ర గిన్నెలో కార్బ్యురేటర్‌వి. ఏది ఏదో కళ్లతో పని లేకుండా ఆవిడకు తెలిసేది. షెడ్డులోకి వెళ్తే పెట్రోలు వాసనతో పాటు ఇంగువ వాసన వచ్చేది.

ఇంజను దిమ్మెను పాత నేత చీరలో చుట్టి, కూరగాయల ట్రాలీలో పెట్టి, ఇద్దరం బస్సులో వర్క్‌షాపుకు తీసుకెళ్లాం. ఎక్కేటప్పుడు నేను ట్రాలీ లేపలేక అవస్థ పడుతుంటే డ్రైవరు అందులో ఏముందని అడిగాడు. ఆంటీ తడుముకోకుండా "చికెన్ కర్రీ" అన్నారు. బస్సులో సగం మంది నవ్వారు. నేను దిగేదాకా కిటికీలోంచి బయటికే చూశాను.

వేసవి అంతా అలా గడిచింది. నా పని అయ్యాక సాయంత్రం వెలుగు ఉన్నంతసేపు షెడ్డులో ఉండేవాళ్లం. రింగుల సందు కొలిచే రేకుల మీద అంకెలు నేను చదివేదాన్ని. వాల్వులు సందు లేకుండా మూసుకునేలా అరగదీయడం మాత్రం ఆవిడ నాకు వదల్లేదు. గరుకు పేస్టు రాసి, పుల్లకు అంటించిన వాల్వును రెండు అరచేతుల మధ్య ఇటూ అటూ తిప్పేవారు. మా అమ్మమ్మ కవ్వం తిప్పినట్టే ఉండేది. తిప్పుతూ కబుర్లు చెప్పేవారు, డాక్టరుగారి కోపం గురించి, వాళ్ల నాన్న బావి గురించి. నేనూ చెప్పాను. ఎవరికీ చెప్పనివి కొన్ని చెప్పాను. ఆవిడ తలుపు వైపు చూస్తూ విన్నారు.

సెప్టెంబరులో, హెడ్డు మూసే రోజు, ఆంటీ స్నానం చేసి వచ్చారు. చేతిలో చిన్న పళ్లెం, కుంకుమ, పసుపు కలిపిన అక్షింతలు, చక్రం కింద పెట్టడానికి నిమ్మకాయ.

"మూత పెట్టేముందు దేవునికి ఒక మాట చెప్పుకుందాం," అన్నారు.

ఇంజను నోరు తెరుచుకుని ఉంది. కొత్త పిస్టను, దాని పక్కనే వాల్వులు మెరుస్తున్నాయి. ప్రార్థన అనగానే కాన్వెంటు అలవాటు కొద్దీ నా కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. ఆవిడా కళ్లు మూసుకుని, నోట్లో ఏదో అనుకుంటూ అక్షింతలు చల్లారు. తర్వాత చేత్తో తడిమి, గింజలన్నీ తుడిచేసి, మధ్యలో గాస్కెట్ రేకు వేసి, హెడ్డు పెట్టి, ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించాం.

అది తాడు లాగితే స్టార్ట్ అయ్యే పాత రకం. లాగాను. లేవలేదు. మళ్లీ మళ్లీ లాగాను. నిప్పు పడుతోంది, పెట్రోలు వస్తోంది. ఆంటీ ప్లగ్గు విప్పించి ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, "లాగు" అన్నారు. ఇంజను బాగుంటే లోపలి గాలి వేలిని తోసేయాలి.

"ఊపిరి లేదమ్మా దీనికి," అన్నారు.

బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నారు. చాలాసేపు అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ ఉండిపోయారు.

"కళ్లు పోయినాయంటే సరే అనుకున్న. చేతులు కూడా పోయినట్లుంది."

తర్వాత కొన్ని రోజులు వాన. ఆంటీ షెడ్డు వైపు వెళ్లలేదు. కూతురు ఫోన్ చేస్తే అంతా బాగానే ఉందని చెప్పి పెట్టేసేవారు. రేడియో కూడా పెట్టుకోలేదు. పై నుంచి నాకు కింద కుర్చీ జరిగిన చప్పుడు కూడా వినిపించేది కాదు. ఒకే ఇంట్లో ఇద్దరం, రెండు ఇళ్లలో ఉన్నట్టు ఉన్నాం. ఇంక ఆ ట్రాక్టరు గురించి ఆవిడ మాట్లాడరని నాకు అర్థమైంది.

నేను ఎవరి తలుపూ తట్టే మనిషిని కాను. ఆ ఆదివారం తట్టాను.

"ఆంటీ, హెడ్డు విప్పుదాం."

"ఎందుకమ్మా?"

"మీరే కదా, చేత్తో చూడమన్నారు. లోపల చూడలేదు కదా మనం."

ఆవిడ నా పక్కనున్న గోడను కాసేపు చూశారు. చెప్పులు వేసుకున్నారు.

హెడ్డు తీశాక ఆవిడ చూపుడు వేలు వాల్వు అంచు చుట్టూ మెల్లగా తిరిగింది. ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ అక్కడే ఆగింది.

"ఇక్కడ ఏదో ఉండాది. నీ కనుబొమల పట్టకారు తే."

తెచ్చాను. నేనే తీశాను. పసుపుపచ్చగా, చితికి పల్చనైన బియ్యపుగింజ. వాల్వు తెరుచుకుని ఉన్నప్పుడు సందులోకి జారి, మూతపడకుండా అడ్డం పడింది. ఆవిడ అరచేతిలో పెట్టాను. వేలితో నలిపి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని పసుపు వాసన పట్టారు. అప్పుడు నవ్వు మొదలైంది. బకెట్టు మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

"ఆశీర్వాదం కొంచెం ఎక్కువైనట్లుంది దీనికి." కాసేపటికి ఊపిరి తిప్పుకుని, "ఈ తూరి ప్రేయరు నువ్వు చెయ్యి. మీ సిస్టర్లు ఏమీ చల్లరు కదా," అన్నారు.

చేశాను. కళ్లు తెరిచే చేశాను.

హెడ్డు మళ్లీ బిగించాక, రెండోసారి తాడు లాగగానే దగ్గి, ఒకసారి తుమ్మి, లేచింది ఇంజను. పొగ లేదు. ఆంటీ దాని మీద చెయ్యి పెట్టి అలా నిలబడ్డారు, జ్వరం చూసినట్టు.

నా పసుపు చున్నీ కప్పుకుని కంచె దగ్గరికి వెళ్లి నిలబడమన్నారు. నన్ను గురి పెట్టుకుని వస్తారట.

"దగ్గరికొచ్చినాక చెయ్యెత్తు, తిప్పుతా. అంతదాకా కదలొద్దు."

ఎరువుల సంచి సీటు మీద, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, కింద గమ్‌బూట్లతో బయలుదేరారు. ముఖం మాత్రం పొలాల వైపు, ఎవరో పిలిస్తే తిరిగినట్టు. అలా పక్కకు చూస్తూ సరిగ్గా నా మీదికే వస్తున్నారు. నేను చెయ్యెత్తాను. తిప్పారు. వెళ్లారు, మళ్లీ వచ్చారు. నా జీవితంలో నన్ను అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు.

ఇంజను ఆపాక అడిగారు.

"వంకరగా వచ్చినాయా?"

"వచ్చాయాంటీ."

"ఎంత వంకర?"

"చాలా. మధ్యలో గడ్డి చారలు చారలుగా మిగిలిపోయింది. నేను కోసేయనా?"

"వద్దు. ఉండనీ."

అక్టోబరు చివరి దాకా ఇంకా కొన్నిసార్లు నడిపారు. కిందటిసారి వెళ్లిన దారిలోనే దాదాపు అలాగే వెళ్లేవారు, మిగిలిన గడ్డి అలాగే మిగిలేది. డిసెంబరులో ఛాతీలో నెమ్ము చేరింది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ట్రాక్టరు మీద టార్పాలిన్ సరిగ్గా కప్పానా అని అడిగారు.

అంత్యక్రియలయ్యాక కూతురు రెండు రోజులు ఆ ఇంట్లో ఉంది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది ఇంగ్లీషు. మర్నాడు పొద్దున ఇద్దరం వంటింటి కిటికీ దగ్గర టీ తాగుతున్నాం. పెరటి వైపు చూసి, ఎవరా తోటమాలి, తాగొచ్చి కోశాడా అని అడిగింది.

"మీ అమ్మగారు కోశారు," అన్నాను. "తనే నడిపారు."

కూతురు కప్పు కింద పెట్టింది. "ఐ టుక్ హర్ కీస్," అంది, కిటికీకి చెప్పినట్టు. నేను ఆమె వైపు చూడలేదు. ఆమె పక్కన ఉన్న అల్మరా వైపు చూశాను. అలా చూస్తే మనిషి బాగా కనపడుతుంది.

బయట సన్నగా మంచు పడింది. కోసిన చోట అది కరిగి నేల నల్లగా ఉంది. కోయకుండా మిగిలిన గడ్డి మాత్రం తెల్లగా గడ్డకట్టి నిలబడి ఉంది. షెడ్డు తలుపు దగ్గర బయలుదేరి, ఊగుతూ, ఒకదాన్నొకటి దాదాపు తాకి విడిపోతూ, ఆ తెల్లని గీతలన్నీ కంచె దగ్గర నేను నిలబడిన చోటికే వచ్చి ఆగాయి.