గొర్రెపిల్ల వద్దన్న శివపార్వతి

గ్లాస్గోలో ఒక చిన్న మ్యూజియంలో శివపార్వతిది గది కాపలా ఉద్యోగం. బొమ్మల అద్దాల మీద ఎవరైనా చెయ్యి వేస్తే వద్దనడం ఆమె పని. చదివింది పదో తరగతే. కానీ గైడ్లు చెప్పేది తొమ్మిదేళ్లుగా విని విని, ఆ గదిలో బొమ్మలన్నీ ఆమెకు ఇంటి మనుషులైపోయాయి.

అవి ఐదువందల ఏళ్లనాటి అచ్చుబొమ్మలు. రాగిరేకు మీద గీతలు చెక్కి, సిరా పట్టించి, కాగితం మీద ఒత్తినవి. కొన్ని అరచేతికి మించవు. మంచి గుణాలన్నిటికీ ఆడరూపమే ఇచ్చారు. ఓర్పు గొర్రెపిల్లను పక్కన పెట్టుకుని తల వంచుకుని కూర్చుంటుంది. ధైర్యం విరిగిన రాతిస్తంభాన్ని భుజానికెత్తుకుని నిలబడుతుంది.

ఆ ఏడాది అక్కడి తెలుగు సంఘం వాళ్లు 'ఆదర్శ గృహిణి' బిరుదు శివపార్వతికి ఇవ్వాలనుకున్నారు. బిరుదుపత్రం మీదికి మీ మ్యూజియం బొమ్మ ఒకటి పంపమని కార్యదర్శి చలపతి అడిగితే, ఆమె సంబరంగా ధైర్యం బొమ్మ పంపింది. రెండు రోజులకు అతను ఫోన్ చేశాడు.

"ఆంటీ, ఈ స్తంభం ఆవిడ పహిల్వాన్‌లా ఉందండీ. మ్యూజియం వెబ్‌సైట్‌లో గొర్రెపిల్ల ఆవిడ దొరికింది, అదే వేయించేశాం. మంచాన పడ్డ అత్తగారికి పదేళ్లు సేవ చేశారు, ఒక్కమాట అన్లేదు. మీకిదే కరెక్టు."

"అన్లేదని ఎవరు చెప్పినారప్పా? నువ్వేమైనా మా ఇంట్లో ఉన్నావా? ఆ బొమ్మయితే నాకొద్దు."

చలపతి నవ్వేశాడు. పెద్దావిడ బెట్టు చేస్తోందనుకున్నాడు.

"నలుగురూ మెచ్చుకుంటాంటే నీకేం నొప్పి?" అన్నాడు భర్త తిరుపతయ్య. అప్పటికే బంధువులందరికీ చెప్పుకున్నాడాయన.

"నేను ఈ ఉద్యోగానికి పోతానంటే మీరు నెల రోజులు మాట్లాడకపోతిరే! ఆ పొద్దు ఓర్చుకోని ఇంట్లోనే కూర్చోవాల్సింది కదా?"

ఆయన టీవీ సౌండు పెంచుకున్నాడు.

సభలో ఆమె పేరు పిలిచారు. వేదికెక్కి చూస్తే కాగితం మీద గొర్రెపిల్లే. భుజం మీదికి వస్తున్న శాలువాను చేత్తో ఆపి, మైకు అందుకుంది.

"మా అత్తంటే నాకు ప్రాణం, అందుకే చేసినా. తల వంచుకోని చెయ్యలేదు. ఆమె కోసం ఆస్పత్రిలో డాక్టర్లతో కొట్లాడినా, ఇంట్లో ఈయనతో కొట్లాడినా. ఆ కొట్లాట కొట్టేసి మిగిలింది మెచ్చుకుంటామంటే, ఈ కాగితం మీకాడనే పెట్టుకోండి."

చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. శివపార్వతి ఖాళీ చేతులతో దిగివచ్చి భర్త పక్కన కూర్చుంది.

కాసేపటికి తిరుపతయ్య గొంతు తగ్గించి అడిగాడు. "నువ్వు అడిగిన ఆ స్తంభం బొమ్మ... నేనెప్పుడూ చూడలే. యాడుంటుంది?"

"నా గదిలోనే. రేపు పదికి తెరుస్తారు," అందామె వేదిక వైపే చూస్తూ. "అద్దం మీద చెయ్యి మాత్రం వెయ్యొద్దండి."