లావీనియా ద్వీపం

కెప్టెన్ ట్రెగార్తెన్ సూప్ తాగేటప్పుడు కూడా ఒక కన్ను మూసుకునేవాడు. దుర్భిణిలో చూసీ చూసీ ఆ కన్ను తెరుచుకోవడమే మరిచిపోయిందని నావికుల వేళాకోళం. తీరరేఖలు గీస్తూ పెన్సిలు మాటిమాటికీ నాకడం వల్ల ఆయన నాలుక ఎప్పుడూ నల్లగా ఉండేది. కిందటి ప్రయాణంలో సాయంకాలపు పొగమంచులో దూరంగా కొండ కనిపిస్తే, దాన్ని ద్వీపంగా పటంలోకి ఎక్కించి భార్య లావీనియా పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు పీపాల్లో మంచినీళ్లు అయిపోతే ఓడను నమ్మకంగా అక్కడికే నడిపించాడు. అక్కడ సముద్రం తప్ప ఏమీ లేదు.

సీసపు గుండుకు కొవ్వు పూసి తాడుతో లోతుకు వదిలారు. నేల తగిలితే కొవ్వుకు ఇసుక అంటాలి. గుండు శుభ్రంగా పైకొచ్చింది. కెప్టెన్ నమ్మలేక ఆ కొవ్వును నాకి చూశాడు.

"అమ్మగారు ఇంట్లో లేనట్టున్నారండీ," అన్నాడు సరంగు హాబ్డే, పగిలిన పెదాలతో.

"అది మబ్బురా హాబ్డే. మబ్బుకి మా ఆవిడ పేరు పెట్టాను."

కెప్టెన్ చాకు తీసి పటం మీద ద్వీపాన్ని గీకడం మొదలుపెట్టాడు.

"గొంతెండి చస్తుంటే ఇప్పుడా పనెందుకండీ?"

"రేపు మన ఓడ ఎవరికైనా దొరికితే, ఈ పటం చూసి వాళ్లూ నీళ్లకని ఇటు రాకూడదు."

ఖాళీ అయినచోట 'నేల లేదు' అని రాయబోయి, అలవాటుగా పెన్సిలు నాలుకకు ఆనించాడు. తడి అంటలేదు.