సగం సాక్ష్యం

బెన్‌హర్ చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే అనేసుకుంటే ఓ పని అయిపోతుంది. ఎందుకంటే చెప్పబోయేది వింటే మీరు అతన్ని తిట్టకుండా ఉండలేరు. అతను తనను తాను రోజూ తిట్టుకుంటూనే ఉన్నాడు కాబట్టి మీ వంతు కొంచెం తగ్గించుకున్నా నష్టం లేదు.

అనకాపల్లిలో రైల్వే స్టేషన్‌కి వెళ్లే దారిలో అతనికో చిన్న కొట్టు ఉండేది. మొదట్లో క్యాసెట్లు రికార్డు చేసేవాడు, తర్వాత సీడీలు కొట్టేవాడు. సెల్‌ఫోన్లలోకి మెమరీ కార్డులు వచ్చాక కార్డుల్లో పాటలు ఎక్కించే పని పట్టుకున్నాడు. ఆదివారం చర్చిలో మైకు సెట్టు కూడా అతనిదే. పాస్టరు గారు గట్టిగా ప్రార్థించినా, ముసలమ్మలు లోగొంతుతో పాడినా, మైకు కీచుమనకుండా చూడటమే తనకు దేవుడిచ్చిన సేవ అని నమ్మినవాడు. మనుషుల గొంతులంటే అతనికి అంత పిచ్చి. ఎదుటివాడు ఏం చెబుతున్నాడో వినడం మానేసి, ఎలా పలుకుతున్నాడో వింటూ కూర్చునేవాడు. భార్య కృపాజ్యోతి చిన్న ప్రైవేటు బడిలో టీచరు. ఆవిడ ఇంట్లో సరుకులు చెప్పినా ఇతను గొంతే విని, ఉప్పు బదులు పప్పు తెచ్చేవాడు.

రెండువేల తొమ్మిదిలో ఓ రోజు నెట్ సెంటర్లో కూర్చుని ఏదో వెతుకుతుంటే పాడ్‌కాస్ట్ అనే మాట కంటబడింది. ఎక్కడెక్కడి వాళ్లో ఇంట్లో కూర్చుని మాట్లాడి, ఆ మాటల్ని నెట్‌లో పెడితే, జనం దించుకుని తీరిగ్గా వింటారట. బెన్‌హర్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన ఊళ్లో నెట్ ఎంతమందికి ఉంది గనక? కానీ కార్డు లేని కూలివాడు లేడు. పాటల కోసం అందరూ తన కొట్టుకే వస్తారు. పాటలతో పాటు ఓ ముక్క మాట కూడా ఎక్కించి పంపితే సరి!

కొట్టు వెనక గదిలో పని మొదలుపెట్టాడు. గోడలు ఒట్టివైతే గొంతు నూతిలోంచి వచ్చినట్టు వస్తుందని, బెల్లం మార్కెట్లో పాత గోనె సంచులు అడిగి తెచ్చి నాలుగు గోడలకీ వేలాడదీశాడు. మోత అయితే చక్కగా అణిగింది గానీ, సంచుల్లో మిగిలిన బెల్లం వాసనకి చీమలు బారులు కట్టి రికార్డర్‌లోకి దూరేవి. అది పెట్టిన బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టి కూర్చున్నాడు మహానుభావుడు. ఫ్యాను ఆపేయాలి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. సూటిగా పెడితే ‘ప’ అన్నప్పుడల్లా చెవిలో ఊదినట్టుంటుంది. కాగితం చూసి చదివితే వినేవాడు ఆ సంగతి వెంటనే పట్టేస్తాడు. వెయ్యి మందితో మాట్లాడినట్టు కాకుండా, ఎదురుగా టీ తాగుతున్న ఒక్క మనిషితో చెప్పినట్టు చెప్పాలి. ఇవన్నీ తప్పులు చేసి చేసి నేర్చుకున్నవే.

దానికి ‘మన గొంతు’ అని పేరు పెట్టాడు. వారం వారం శనివారం కొత్తది. ముందు కృపాజ్యోతి నాలుగు మాటలు చెప్పి మనిషిని పరిచయం చేస్తుంది, తర్వాత ఆ మనిషి మాట్లాడతాడు. రావికమతం నుంచి వచ్చిన రైతు సూర్యనారాయణ చెరకు తోటకి తెగులు తగిలితే ఆకు చూసి ఎలా కనిపెట్టాలో చెప్పాడు. రాజయ్యపేట నుంచి చేపలు తెచ్చి అమ్మే దేముడమ్మ, బేరమాడేవాళ్లని గుమ్మంలోనే ఎలా గుర్తుపడుతుందో చెప్పి నవ్వించింది. చివర కృపాజ్యోతి, విన్నాక పక్కనున్నవాళ్లకి బ్లూటూత్‌లో పంపండి అనేది. ఆ ఒక్క మాటే కార్యక్రమాన్ని ఊరు దాటించింది. అచ్యుతాపురం ఫ్యాక్టరీలకి పనివాళ్లని తీసుకెళ్లే కంపెనీ బస్సులున్నాయి చూశారూ, వాటిల్లో పొద్దున్నా సాయంత్రం జనానికి వినడం తప్ప వేరే పనేముంది? చైనా ఫోను స్పీకరు పెట్టి ఒకడు మోగిస్తే బస్సంతా వినేది.

జనం వింటున్నారని తెలిశాక బెన్‌హర్ గాల్లో తేలిపోయాడు. నెట్‌కి వెళ్లి, వినేవాళ్లు ఎలా పెరుగుతారో వెతికి వెతికి చదివాడు. మొదటి అర నిమిషంలోనే పట్టేయాలి. సాగదీసింది కత్తిరించాలి. నిజం పేర్లుంటే నమ్మకం పుడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, తర్వాత ఏమైందో అని వినేవాళ్లు గింజుకుంటున్న చోట ఆపేయాలి. ఆ మాట అతని బుర్రలో అతుక్కుపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, చర్చికి వచ్చే బుల్లమ్మ గారింట్లో శుక్రవారం గృహ ప్రార్థన జరిగింది. అక్కడ ఎవరికైనా దేవుడు మేలు చేస్తే లేచి నిలబడి సాక్ష్యం చెప్పడం వాడుక. మంచాన పడి రాలేకపోయినవాళ్లకి వినిపించడానికని పాస్టరు గారు బెన్‌హర్ చేత రికార్డు చేయిస్తారు. ఆ రోజు సుజి లేచింది. కుట్టుపని చేసుకునే మనిషి, నలుగురిలో నోరు విప్పి ఎరగదు. అందరిలాగే, ప్రభువు నామంలో అందరికీ వందనాలు, నా పేరు సుజి, నా భర్త పేరు వరదానం అని మొదలుపెట్టింది.

వరదానం తాగేవాడు. సుజి కుట్టు మిషను అమ్మేసి తాగాడు. అడిగితే తోశాడు, మణికట్టు విరిగింది. పిల్లని చంకనేసుకుని స్టేషన్‌కి వెళ్లి, ఏ బండి ముందొస్తే అది ఎక్కుదామని ప్లాట్‌ఫారం మీద కూర్చుంది. బండి రాకముందే వరదానం వచ్చాడు. ప్లాట్‌ఫారం పొడుగునా వెతుక్కుంటూ పరుగెత్తాడు. ఆ రోజు నుంచి ఆరేళ్లుగా చుక్క ముట్టలేదు. మిషను తిరిగి కొన్నాడు. సుజి చెయ్యి సరిగా వంగదు కాబట్టి పొద్దున్నే పిల్లకి జడ తనే వేసి, అప్పుడు అచ్యుతాపురం బస్సెక్కుతాడు. ఆ జడ సంగతి చెప్పేటప్పుడు సుజి గొంతు వణికింది. బెన్‌హర్‌కి ఒళ్లు పులకరించింది. అలాంటి గొంతు అతను అంతవరకూ రికార్డు చేయలేదు.

అయిపోయాక దగ్గరికెళ్లి, చెల్లీ, ఇది ‘మన గొంతు’లో పెట్టుకోనా అని అడిగాడు. సుజి వెంటనే ఒప్పుకోలేదు. వరదానాన్ని అడిగి ఆదివారం చెబుతానంది. ఆదివారం చర్చి మెట్ల మీద చెప్పింది.

“పెడితే మొత్తం పెట్టు అన్నయ్యా. సగం పెట్టకు. సగం ఇంటే మా ఆయన పాపిష్టోడిలాగ అగుపడతాడు.”

అలాగే చెల్లీ అన్నాడు బెన్‌హర్. అన్నాడు, అది అతనికి బాగా గుర్తుంది. మర్చిపోయానని చెప్పుకునే వీలైనా ఉంటే బాగుండేది.

శుక్రవారం గోనె సంచుల గదిలో కూర్చుని కోత మొదలుపెట్టాడు. వందనాలు సాగదీతగా అనిపించాయి, తీసేశాడు. పేర్లు ఉంచాడు, నమ్మకం కోసం. ప్లాట్‌ఫారం మీద సుజి పిల్లతో కూర్చుని బండి కోసం చూస్తున్న చోటికి వచ్చేసరికి అతని చెయ్యి ఆగిపోయింది. ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? అక్కడ ఆపేశాడు. మిగతాది వచ్చే వారం పెడతాను కదా, రెండూ కలిస్తే మొత్తమే కదా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. కృపాజ్యోతి విని చెవుల్లోంచి తీగలు పీకేసింది.

“అది సాక్ష్యం, టీవీ సీరియల్ కాదు. ఆవిడ అడిగిందేటి, నువ్వు చేత్తన్నదేటి?”

ఒక్క వారమే కదా అన్నాడు. ఆవిడ చివరి మాటలు చెప్పనని లేచి వెళ్లిపోయింది. పాత దాంట్లోంచి ‘పక్కనున్నవాళ్లకి పంపండి’ అన్న ముక్క కోసి తెచ్చి అంటించాడు.

ఆ వారం కొట్టు ముందు జనం చూడాలి! పాటలు అడగడం మానేసి, ఆ సుజి ఏమైంది, బండెక్కిందా, చచ్చిపోయిందా అని అడిగేవాళ్లే. బెన్‌హర్ నవ్వేవాడు గానీ చెప్పేవాడు కాదు. శనివారం వచ్చింది. రెండో ముక్క తయారుగా ఉంది. కానీ ఇంకో వారం ఆపితే తుని దాకా పాకిపోతుందనిపించింది. ఆపాడు. ఇక్కడే అతని మీద నాకూ జాలి పోతుంది. మొదటిది ఆశ అనుకుందాం. రెండోదాన్ని ఏమనాలి?

మంగళవారం మధ్యాహ్నం సుజి కొట్టుకి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. గల్లా బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది, ఆ వంగని చెయ్యే.

“బస్సులో నా గొంతు మోగిందంట అన్నయ్యా. ఆయన ఎనక సీట్లో ఉన్నాడంట. అయిపోయేదాకా ఎవలూ ఎనక్కి తిరగలేదంట.”

బస్సులో విన్న మర్నాటి నుంచి తిరిగారట. రెండో భాగం ఎప్పుడు మామా అని ఒకడు, ఇంట్లో ఇంకేం అమ్మేవు బావా అని ఇంకొకడు. వరదానం బస్సెక్కడం మానేసి అచ్యుతాపురం దాకా సైకిలు తొక్కుతున్నాడట. ఇంకా తెల్లారకుండానే బయల్దేరాలి కాబట్టి పిల్లకి జడ వేయడం కుదరడం లేదు. రెండో ముక్క తయారుగా ఉంది చెల్లీ, ఇవాళే ఎక్కించేస్తాను అని బెన్‌హర్ గొణిగాడు. సుజి ఆ మాట విననట్టే ఉంది.

“ఆరేళ్లయింది నాను ఆయన నోరు వాసన సూసి. నిన్న రేతిరి ఆయన నిద్రోతంటే మళ్లీ సూసేను. తాగలేదు. కానీ సూసేను కదా.”

అని వెళ్లిపోయింది. బెన్‌హర్ ఆ పూట కొట్టు మూసేశాడు.

అప్పుడు చేయవలసినవన్నీ చేశాడు, పాపం. రెండు ముక్కలూ అతికించి, వందనాలతో సహా మొత్తం ఒక్కటిగా చేశాడు. పొద్దున్నే కంపెనీ బస్సులు ఆగే చోటికి పోయి నిలబడి, కనబడినవాడినల్లా బ్లూటూత్ పెట్టమని బతిమాలాడు. అది మా దగ్గరుంది, విన్నాం అన్నారు కొందరు. చివర ఉందయ్యా అంటే, చివరికి బాగైపోయిందంటే ఇంక వినడానికేముంది అన్నాడొకడు. పాతది తీసేయండి అని అడిగితే కొందరు కళ్లముందే తీసేశారు. కానీ వాళ్లు ఎవరికి పంపారో వాళ్లకే తెలియదు. ఓ మనిషి, మా బామ్మర్ది కాకినాడలో విన్నాడట అని సంతోషంగా చెప్పాడు. పక్కవాడికి పంపండి అన్న మాట అతికించింది తన చేతులే. పోయిన మాటని వెనక్కి పిలిచే మాట మాత్రం ఏ నెట్‌లోనూ దొరకలేదు.

అచ్యుతాపురం రోడ్డు మీద కాపు కాసి వరదానాన్ని ఆపబోయాడు. అతను సైకిలు కొంచెం నెమ్మది చేసి, డ్యూటీకి లేటవుతాది బావా అని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదని బెన్‌హర్ ఇంటికొచ్చి కృపాజ్యోతితో అన్నాడు. నీకు బాగుండేదిలే అంది ఆవిడ. ఆ తర్వాత ‘మన గొంతు’ ఆగిపోయింది. జనం ఓ నెల అడిగి మర్చిపోయారు.

అంతటితో పోలేదు. సుజి కొట్టుకి వచ్చి వెళ్లిన వారమే, శుక్రవారం బుల్లమ్మ గారింట్లో పాస్టరు గారు, సాక్ష్యాలు చెప్పేవాళ్లు లేవండి అన్నారు. ఎవరూ లేవలేదు. ఆడవాళ్లందరూ స్టూలు మీద పెట్టిన రికార్డర్ వైపు ఓసారి చూసి తలలు దించుకున్నారు. చివరికి బుల్లమ్మ గారే ఓ కీర్తన ఎత్తుకుంది. తరవాతి శుక్రవారమూ అంతే. బెన్‌హర్‌కి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ మనుషుల చేత మాట్లాడించాననుకున్నాడు. ఇప్పుడు తనని చూసి నోళ్లు మూసుకుంటున్నారు.

ఆపై వారం రికార్డర్ పట్టుకుని వెళ్లాడు గానీ లోపలికి పోలేదు. గుమ్మం బయట చెప్పుల పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. లోపల పాట అవుతుండగా వరదానం సైకిలు దిగాడు. ఆ గొడవ తర్వాత అతను ప్రార్థనకి రావడం అదే మొదలు. చొక్కా చెమటకి తడిసి ఉంది.

“బయట కూకున్నావేటి బావా?”

“నేనుంటే లోపల ఎవరూ నోరు విప్పటం లేదు బావా” అన్నాడు బెన్‌హర్. రికార్డర్ మూత తీసి, బ్యాటరీ సెల్లులు రెండూ బయటికి లాగి అతనికి చాపాడు. “ఇవి నీ దగ్గరుంచు.”

వరదానం వాటిని తీసుకున్నాడు. చొక్కా జేబులో వేసుకున్నాడు.

“నువ్వు సేసింది తప్పే. కానీ దాంట్లో అబద్దం ఒక్క ముక్క లేదు బావా. అదే నా బాద.”

చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడు. పాట ఆగింది. సాక్ష్యాలు అని పాస్టరు గారు అడిగారు. ఎవరో లేచినట్టు చాప కదిలింది.

“ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నా పేరు వరదానం. నా భార్య పేరు సుజి.”

బెన్‌హర్‌కి ఆ గొంతు అంత దగ్గరగా, అంత తేటగా వినపడింది. ఫ్యాను కూడా తిరగడం లేదు. గబగబా లేచి, చెప్పులు చేత పట్టుకుని, వీధి చివరి దాకా నడిచాడు. మాట వినపడని చోటికి వచ్చాక ఆగాడు.

వరదానం ఆ రోజు ఏం చెప్పాడో, ఎక్కడ ముగించాడో అతనికి ఈనాటికీ తెలియదు. కృపాజ్యోతి విని వచ్చింది. అతను అడగలేదు.