తాబేలు రక్తం, చిన్నాన్న కాలు

పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే, మొసళ్ళ, తాబేళ్ళ రక్తంలోని ప్రోటీన్లు క్రిములను చంపుతాయనీ, మన కణాలు త్వరగా పాడవకుండా కూడా కాపాడతాయనీ ఒక వార్త కనబడింది. మీరైతే చదివి, ఔరా అనుకుని పేజీ తిప్పేస్తారు. నేను మాత్రం కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ ల్యాబులో అసిస్టెంటుని. మా జువాలజీ మేడం అనుమతులన్నీ తెచ్చుకుని, కొల్లేటి తాబేళ్ళ నుంచి సిరంజితో కాస్త రక్తం తీసి, వాటిని మళ్ళీ నీళ్ళలో వదిలించేవారు. ఆ రక్తంలోంచి రోజుల తరబడి కష్టపడి వేరుచేసిన ప్రోటీను చుక్కను క్రిములు పెంచే గాజు పళ్ళెంలో వేస్తే, మర్నాటికి దాని చుట్టూ గుండ్రంగా, ఒక్క క్రిమీ లేకుండా ఖాళీ! నేను పళ్ళేలు కడిగేవాణ్ణే అయినా, అదంతా నా ఘనతే అన్నంతగా పొంగిపోయాను.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక కొల్లేటి లంకలో మా చిన్నాన్న ఇంటికి భోజనానికి వెళ్ళి, చేపల పులుసు కలుపుకుంటూ ఈ గొప్పంతా చెప్పాను. చిన్నాన్నకు షుగరు. చేపల చెరువులో నత్తగుల్ల కోసుకుని అరికాలు పుండు పడితే, ఏలూరు వెళ్ళి ఇంజెక్షన్లు చేయించుకుంటున్నాడు. మొలలకు తాబేలు రక్తం తాగిన పెద్దల మధ్య పెరిగిన మనిషి, పైగా మా ఇంటి మొత్తానికి కాలేజీ గుమ్మం తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరుంది కదా అని వాగాను గానీ, కట్టు కట్టిన ఆ కాలు వంక చూడనే లేదు.

మూడు వారాల తర్వాత కబురొచ్చి పరుగెత్తాను. ఇంజెక్షన్లు మానేసి, రోజూ పుండు మీద తాబేలు రక్తంతో పట్టీ వేసుకుంటున్నాడు. పాదం నల్లబడిపోయింది. పళ్ళెంలో పనిచేసింది వట్టి రక్తం కాదనీ, మా ల్యాబులో క్రిములు బాగా పెరగాలంటే మేమే గొర్రె రక్తం కలుపుతామనీ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన నా వంక జాలిగా చూసి, "నువ్వు చెప్పాకే కదరా మొదలెట్టాను, ఇంకో వారం చూద్దాంలే" అన్నాడు. నా మాటకు నా మాటే అడ్డమైతే నేనేం చేయను?

ఏలూరు ఆసుపత్రికి మోసుకెళ్ళేసరికి, మోకాలి దాకా కాలు తీసేయడం తప్ప దారి లేదన్నారు. వరండాలో పిన్ని ఏడుస్తుంటే దగ్గరికెళ్ళి ఓదార్చే మొహం కూడా నాకు లేకపోయింది.

చిన్నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ తాబేళ్ళూ ఇప్పుడు కొల్లేట్లో అంతగా కనబడటం లేదు. ఈ రోజుల్లో ఒంట్లో బాగోకపోతే ఎవరికి వాళ్ళు ఫోనులో వెతుక్కుంటున్నారు, చుట్టం మాట ఎవరికీ అక్కర్లేదు. అదే మంచిదేమో. చిన్నాన్న నన్ను చివరిదాకా ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. పలకరించడానికి వచ్చినవాళ్ళతో, నేను పక్కనుండగానే, "మావాడు చెప్పింది నిజమేనండీ, నాకు దొరికిన తాబేలే మంచిది కాదు" అనేవాడు.